ఐదు కిలోల గాలి

పెరంబూరు షెడ్డులో నా పని గాలితో.
రైలుపెట్టె కింద వెల్లకిలా పడుకుని
బ్రేకు గొట్టం కీళ్లకి సబ్బునురగ పూస్తాను.
బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టు.
గేజీ ముల్లు ఐదు కిలోల దగ్గర నిలబడితేనే
సంతకం పెడతాను, బండి కదులుతుంది.
ఇరవై ఆరేళ్లుగా ఇదే.

ఇంట్లో మాత్రం నా చేతిలో గేజీ లేదు.
రాత్రి ఒంటిగంటన్నరకి
పక్కమీద సులోచన గురక ఆగిపోతుంది.
వీధి మొత్తం ఒక్కసారి పెద్దదవుతుంది.
వ్యాసర్పాడి వంతెన మీద లారీ,
కుళాయి కింద బిందెలో చుక్క,
అన్నీ వినిపిస్తాయి, ఆమె తప్ప.

ఒకటి. రెండు. మూడు.
పద్దెనిమిది దగ్గర నా వేలు ఆమె భుజం దాకా వెళ్తుంది.
ఇరవై మూడు దగ్గర పొడుస్తాను.
నీళ్లలోంచి తలెత్తినట్టు ఊపిరి ఒక్క లాగు లాగి,
ఆపైన మళ్లీ రంపం.

పెళ్లైన కొత్తలో నలుగురిలో నవ్వుతూ చెప్పిన రంపమే ఇది.
ఆడదానికి గురకేమిటని మా అక్క అంటే
నేనూ నవ్వాను.
ఆ నవ్వుకి పదేళ్లపాటు చుట్టాలిళ్లలో
గోడకానుకుని కూర్చునే తెల్లార్చిందని
మొన్న డాక్టరు అడిగితే బయటపడింది.

పరీక్షకి పిలుపు రావడానికే నాలుగు నెలలు.
తలనిండా వైర్లతో ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టి
గంటకి నలభై ఒక్కసార్లు ఆగుతోందని కాగితం ఇచ్చారు.
మిషను రాశారు. ముక్కుకి తొడుగు, గొట్టం, గొట్టంలో గాలి.
ఎంత ఒత్తిడి అని అడిగాను, అలవాటు కొద్దీ.
పన్నెండు సెంటీమీటర్ల నీళ్లంత, అన్నారు.
ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను.
నా గేజీ ముల్లు గుర్తు కూడా పట్టదు ఆ పిసరుని.

ఆ పిసరు కోసం ఫైలు బయల్దేరింది.
ఒక బల్ల దగ్గర స్టాంపు లేదు.
ఒక బల్ల దగ్గర మనిషి లేడు.
డిసెంబరు వానకి కింది అంతస్తులో నీళ్లొస్తే
వారం రోజులు ఫ్యాను కింద ఎండింది.
గుమాస్తా ఏకాంబరం ఇంట్లో తెలుగే మాట్లాడతాడు,
ఆఫీసులో మాత్రం "అడుత్త వారం" అంటాడు.
చెడ్డవాడు కాదు, టీ కూడా తాగిస్తాడు.
రాత్రికి ఏడు గంటలు వేసుకున్నా
వారానికి రెండువేల తొమ్మిది ఆగడాలండీ, అన్నాను ఓసారి.
"ఎవరి ఆగడాలు?" అని ఉలిక్కిపడ్డాడు.

సొంతంగా కొందామంటే చీటీ పాట
వైశాఖం దాటితే గాని మా వంతుకి రాదు.
ఇంట్లో ఉన్న ఒక్క మిషను కుట్టుమిషను.
దానిముందు కునుకుతూ
పక్కింటావిడ రవికకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టింది సులోచన.
విప్పి, మళ్లీ కుట్టి, కూలి తీసుకోలేదు.
ఆ సాయంత్రమే మేడమీద దొరికిన టెన్నిసు బంతికి
తన నైటీ వీపున జేబు కుట్టింది,
వెల్లకిలా తిరిగితే గుచ్చుకునేట్టు.
కింది వాటా కుర్రాడొచ్చి బంతి అడిగితే
అత్త దాంతో నిద్రపోతోందిరా అన్నాను.
వాడు నమ్మలేదు.

నిన్న పెట్టె కింద నాకే కునుకు పట్టింది.
లేచేసరికి కీలు మీద నురగ ఎండిపోయి ఉంది.
బుడగ లేచిందో లేదో చూడలేదు.
చేతులు వణుకుతుంటే మొదట్నించీ మళ్లీ పూశాను.

ఇంటికొచ్చి చెప్పాను.
ఏమీ అనలేదు. నా కంచం కడిగేసి వచ్చి,
ఈ రాత్రి నువ్వు పడుకో, నేను కూర్చుంటాను అంది,
గోడకి దిండు ఆనించుకుంటూ,
ఆ పాత అలవాటుతోనే.

కళ్లు మూసుకున్నాను.
కాసేపటికి ఆమె తల గోడమీదే వాలింది.
గురక మొదలైంది. హాయిగా విన్నాను.
ఆగింది.
పద్దెనిమిది దాకా కదలకూడదనుకున్నాను.
ఏడు దగ్గరే లేచి కూర్చున్నాను.